సాకెట్‌లో ఎర్త్‌ను న్యూట్రల్‌తో కలిపితే షాక్ ఆగింది, ఇది సురక్షితమేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు విజయవాడలో ఒక పాత ఇంటి పై అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. వాషింగ్ మెషీన్‌ను తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయి, గీజర్ వేసి ఉన్నప్పుడు కుళాయి తిప్పితే సన్నగా షాక్ తగులుతోంది. ఇంటి యజమాని పంపిన ఎలక్ట్రీషియన్ సాకెట్లు విప్పి చూసి, గోడలో ఎర్త్ వైరే లేదని తేల్చి, సాకెట్ వెనుక న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి ఒక చిన్న వైరు ముక్క బిగించి వెళ్లారు. ఆ తరువాత జివ్వుమనడం ఆగిపోయింది. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రెండూ ఒకటే కదా" అని ఆయన అన్న మాట నిజమేనా, గోడలు పగలగొట్టడానికి యజమాని ఒప్పుకోనప్పుడు ఇంకేమి చేయవచ్చు అన్నవి మీ సందేహాలు.

సురక్షితం కాదు. ఆ వైరు ముక్కను వీలైతే ఈ రోజే తీయించండి. తీసే వరకు గీజర్‌నూ వాషింగ్ మెషీన్‌నూ వాడకండి. తీసిన తరువాత పాత జివ్వుమనడం మళ్లీ మొదలవుతుంది, అయినా సరే తీయించండి, ఎందుకంటే ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ప్రమాదం ఆ జివ్వుమనడం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అసలు పరిష్కారంలో రెండు పనులున్నాయి: మీ పోర్షన్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) పెట్టించడం, కనీసం గీజర్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ సాకెట్లకు నిజమైన ఎర్త్ వైరు లాగించడం. ఈ రెండిటికీ గోడలు పగలగొట్టనవసరం లేదు.

నేను ఇళ్ల వైరింగు పనే చేస్తాను, ఎక్కువగా పాత ఇళ్ల మరమ్మతులు. సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపిన ఇళ్లు నాకు తరచుగా ఎదురవుతాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఫేజ్ అంటే కరెంటు తెచ్చే తీగ, న్యూట్రల్ అంటే అది తిరిగి వెళ్లే తీగ, ఎర్త్ అంటే కారిన కరెంటును భూమిలోకి పంపే తీగ. "రెండూ ఒకటే" అనే మాటలో సగం నిజం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి కలుపుతారు. కానీ అక్కడి నుంచి మీ సాకెట్ వరకు న్యూట్రల్ వచ్చే దారిలో స్తంభం మీది జంపర్లు (లైన్లను కలిపే తీగ ముక్కలు), సర్వీసు వైరు అతుకులు, మీటరు టెర్మినళ్లు, మెయిన్ స్విచ్, స్విచ్ బోర్డుల్లో మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు ఎన్నో ఉంటాయి. మీ ఇల్లు నిజంగా పాతదైతే మీటరు బోర్డు మీద ఫేజ్‌కి ఒకటి, న్యూట్రల్‌కి ఒకటి చొప్పున రెండు ఫ్యూజ్ క్యారియర్లు కూడా ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటి వదులైనా, తుప్పు పట్టినా, న్యూట్రల్ ఫ్యూజ్ కాలిపోయినా, మీ ఇంటి న్యూట్రల్‌కి ట్రాన్స్‌ఫార్మర్‌తో సంబంధం తెగిపోతుంది. అప్పుడు అది న్యూట్రల్ కాదు, ఏ ఆధారమూ లేని ఉత్త తీగ.

అలా తెగినప్పుడు ఏమి జరుగుతుందో నిదానంగా చూడండి. గీజర్ స్విచ్ వేసి ఉంది. ఫేజ్ కరెంటు గీజర్ కాయిల్ గుండా వచ్చి న్యూట్రల్ తీగలోకి చేరుతుంది, అక్కడ ముందుకు వెళ్లే దారి లేదు. కానీ సాకెట్ వెనుక మీ ఎలక్ట్రీషియన్ బిగించిన వైరు ముక్క ఉంది. దాని ద్వారా ఆ వోల్టేజి ఎర్త్ పిన్నుకి, అక్కడి నుంచి గీజర్ ట్యాంకుకి, ట్యాంకులోని నీటికి, ఇత్తడి కుళాయికి చేరుతుంది. 2000 వాట్ల గీజర్ కాయిల్ నిరోధం సుమారు 26 ఓమ్‌లు. తడిసిన మనిషి శరీర నిరోధం వెయ్యి ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే 230 వోల్టులలో దాదాపు మొత్తం మనిషి మీదే పడుతుంది, కాయిల్ దాన్ని ఏమాత్రం ఆపదు. ఈ స్థితిలో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పడదు, ఫ్యూజ్ కాలదు, ఎందుకంటే మనిషి గుండా పోయే కరెంటు ఆంపియర్‌లో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ నాలుగో వంతులో సగం కూడా గుండె లయ తప్పడానికి చాలు.

ఇంకా ఘోరమైన సంగతి ఏమిటంటే, న్యూట్రల్ తెగగానే ఆ లైను మీది దీపాలు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి. ఇంట్లో వారు కరెంటు పోయిందనుకుంటారు. కరెంటు లేదు కదా అనే ధైర్యంతోనే మెషీన్ మీద చేయి వేస్తారు, కూలర్‌ను పక్కకు జరుపుతారు, ఫ్రిజ్ తలుపు తీస్తారు. ఒక ఇంట్లో ఎండాకాలం సరిగ్గా ఇలాగే జరిగింది. స్విచ్ బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై ఉంది, ఇనుప కూలర్ సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ముడి ఉంది. కూలర్ ఆగిపోయిందని ఆ ఇంటి పెద్దాయన దాన్ని కదపబోయి విసురుగా వెనక్కు పడ్డారు. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండటం, నేల పొడిగా ఉండటం ఆయన అదృష్టం. నేను వెళ్లి చూసేసరికి కూలర్ ఒంటి మీద 220 వోల్టులు చూపిస్తున్నాయి, గదిలో మాత్రం బల్బు వెలగడం లేదు.

రెండో ప్రమాదం ఫేజ్, న్యూట్రల్ తారుమారు కావడం. గాలివానకు సర్వీసు వైరు తెగితే మళ్లీ కలిపేటప్పుడు రెండు తీగలూ అటుదిటుగా మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మామూలు ఇంట్లో దీనివల్ల వెంటనే ఏమీ కనిపించదు. దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. కానీ సాకెట్లలో న్యూట్రల్‌ను ఎర్త్‌కి ముడివేసిన ఇంట్లో ఆ క్షణం నుంచే ఫ్రిజ్, మెషీన్, గీజర్, ఇస్త్రీపెట్టె అన్నిటి లోహపు ఒళ్లూ నేరుగా ఫేజ్ అవుతాయి. స్విచ్ ఆపినా లాభం లేదు, ఎందుకంటే స్విచ్ ఇప్పుడు న్యూట్రల్ వైపు పనిచేస్తోంది, ముడి వేసిన వైపు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. వర్షాకాలంలో స్తంభం మీద మరమ్మతు జరిగిన సాయంత్రం ఒక కుటుంబం నన్ను పిలిచింది. ఇంట్లో ఏది ముట్టుకున్నా షాక్ కొడుతోందన్నారు. అక్కడ ఏ వస్తువూ చెడిపోలేదు. ఎప్పుడో, ఎవరో వేసిన ముడి ఆ సాయంత్రం వరకు నిద్రపోతూ ఉంది, అంతే.

మూడోది, తరువాత మీరు ఆర్‌సీసీబీ పెట్టించుకున్నా ఈ ముడి దాని కళ్లు కప్పుతుంది. ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే: ఫేజ్‌లో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని పోల్చడం. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది పడిపోతుంది. గీజర్ కాయిల్ చిట్లి కరెంటు ట్యాంకులోకి కారడం మొదలైనప్పుడు, నిజమైన ఎర్త్ ఉంటే ఆ కారిన కరెంటు భూమిలోకి పోతుంది, తేడా తెలుస్తుంది, ఎవరూ ముట్టుకోకముందే లైను కట్ అవుతుంది. ముడి ఉంటే కారిన కరెంటు కూడా న్యూట్రల్ గుండానే తిరిగి వస్తుంది కాబట్టి లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. ముందస్తు హెచ్చరిక పోతుంది.

మీకు మొదట జివ్వుమనిపించినది ఏమిటన్న విషయానికి వస్తాను, ఎందుకంటే దాని కారణం తెలియకపోవడం వల్లే ఇలాంటి చిట్కాలు పుడతాయి. నేటి వాషింగ్ మెషీన్లు, కంప్యూటర్లు మొదలైన వాటి లోపల విద్యుత్ గందరగోళాన్ని వడకట్టే చిన్న ఫిల్టర్ ఉంటుంది. అందులోని కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ మెషీన్ ఒంటికి కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు ఆ ఒళ్లు రెండింటికీ మధ్యలో, సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కానీ ఆ దారిలో వచ్చే కరెంటు చాలా తక్కువ, ఒక మిల్లీ ఆంపియర్ లోపే, అందుకే జివ్వుమంటుంది తప్ప పట్టేయదు. అంటే మీ మెషీన్ చెడిపోయిందని కాదు, దానికి ఎర్త్ లేదని అర్థం. టెస్టర్ పెడితే వెలుగుతుంది, అందరూ కంగారు పడతారు.

గీజర్ సంగతి మాత్రం వేరు. మామూలు స్టోరేజ్ గీజర్‌లో కాయిల్, థర్మోస్టాట్ తప్ప అలాంటి ఫిల్టర్ ఉండదు. కుళాయి నీటిలో షాక్ తగులుతోందంటే కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతిన్నదని అనుమానించాలి. మన విజయవాడ వైపు బోరు నీటిలో సున్నం ఎక్కువ. కాయిల్ మీద గార పేరుకుని, వేడి బయటకు పోక, పై గొట్టం చిట్లుతుంది. మీ గీజర్ కాయిల్‌ను ఇన్సులేషన్ టెస్టర్‌తో, అంటే మెగ్గర్‌తో పరీక్షింపజేయండి. కాయిల్ మార్చవలసి వస్తే మార్చాలి. ఎర్త్ సరిచేసినంత మాత్రాన ఆ లోపం పోదు.

ఇప్పుడు చేయవలసిన పనులు. మొదట ఆర్‌సీసీబీ అని ఎందుకన్నానంటే, అది ఒక్క పూటలో అయ్యే పని, ఎర్త్ లేని ఇంట్లో కూడా ప్రాణం కాపాడగలదు. కరెంటు మనిషి గుండా నేలలోకి పోతే ఫేజ్, న్యూట్రల్ మధ్య తేడా వస్తుంది, తేడా వస్తే అది పడుతుంది, దానికి ఎర్త్ వైరుతో పని లేదు. అయితే ఎర్త్ లేనప్పుడు మనిషికి షాక్ తగిలిన తరువాతే పడుతుంది. ఎర్త్ ఉంటే ఎవరికీ తగలకముందే పడుతుంది. అందుకే రెండూ కావాలంటున్నాను.

మీ పోర్షన్ మీటరు తరువాత, మెయిన్ ఎంసీబీ పక్కన, గోడ మీద బిగించే చిన్న పెట్టెలో రెండు పోళ్ల ఆర్‌సీసీబీ, అంటే ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ రెండిటినీ తెంచేది, పెట్టించవచ్చు. దాని ఆంపియర్ రేటింగు మెయిన్ ఎంసీబీ కంటే తక్కువ కాకూడదు. 32 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే 40 ఆంపియర్లది తీసుకోండి. లీకేజీ అంకె మాత్రం 30 మిల్లీ ఆంపియర్లే ఉండాలి. దుకాణంలో 100, 300 అంకెలవి కూడా ఉంటాయి, "ఇవి ఊరికే పడవు" అని చెప్పి ఇవ్వజూపుతారు. అవి లీకేజీ వల్ల మంటలు రాకుండా చూడటానికి పనికి వస్తాయి, మనిషి ప్రాణానికి కావు. వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ ఏసీ వంటివి ఉన్నాయి కాబట్టి ఆర్‌సీసీబీలలో "ఏసీ" అనే రకం కంటే "ఏ" అనే రకం మేలు. పెట్టె మీద ఐఎస్ 12640 అని, ఐఎస్ఐ గుర్తు ఉన్నదీ లేనిదీ చూడండి. ఆర్‌సీసీబీ ఎక్కువ లోడును గానీ షార్ట్ సర్క్యూట్‌ను గానీ ఆపదు కనుక ఎంసీబీ తీసేసి ఆ స్థానంలో దీన్ని పెట్టకూడదు, రెండూ ఉండాలి. రెండు పనులూ ఒకే పరికరం చేయాలంటే ఆర్‌సీబీఓ అని దొరుకుతుంది. యజమాని ఖర్చు పెట్టకపోయినా మీరే పెట్టించుకుని, ఇల్లు మారేటప్పుడు విప్పి తీసుకుపోవచ్చు.

"ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, అది పడుతుంది కదా" అని చాలామంది అడుగుతారు. 16 ఆంపియర్ల ఎంసీబీ మోసే కరెంటు, 30 మిల్లీ ఆంపియర్లకు అయిదు వందల రెట్ల కంటే ఎక్కువ. ఎంసీబీ కాపాడేది వైర్లను, మనిషిని కాదు.

ఎర్త్ వైరు సంగతి. మన దగ్గర ఎక్కువ ఇళ్లకు స్తంభం నుంచి ఫేజ్, న్యూట్రల్ మాత్రమే వస్తాయి, ఎర్త్ ఎవరి ఇంటి గుంత వారిది. కాబట్టి ముందు కింద మీటరు బోర్డు దగ్గర నుంచి నేలలోకి దిగే జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) ఉందేమో చూడండి. చాలా పాత ఇళ్లలో ఉంటుంది, కానీ నేల మట్టానికి వచ్చేసరికి తుప్పు పట్టి తెగిపోయి ఉంటుంది. బాగుంటే పరీక్షించి వాడుకోవచ్చు. లేకపోతే పెరట్లోనో సందులోనో కొత్త ఎర్త్ వేయాలి: 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు ఉన్న జీఐ పైపును బొగ్గు, ఉప్పు పొరల మధ్య పాతడం పాత పద్ధతి, రాగి పూత రాడ్డును నేలలోకి దిగగొట్టడం కొత్త పద్ధతి. యజమానికి ఇది పెద్ద అభ్యంతరం కాకపోవచ్చు, ఎందుకంటే ఆ ఎర్త్ ఇల్లంతటికీ పనికి వస్తుంది. అక్కడి నుంచి మీ పోర్షన్ వరకు 4 స్క్వేర్ ఎంఎం ఆకుపచ్చ రాగి వైరు, పోర్షన్ లోపల సాకెట్లకు 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, ప్లాస్టిక్ కేసింగ్‌లో గోడ మీదుగానే లాగవచ్చు. చూడటానికి అంత అందంగా ఉండదన్న మాట నిజమే. గది మూలల వెంట, తలుపు చట్రాల పక్కగా తీసుకుపోతే పెద్దగా కనిపించదు. మీ వంటి అద్దె ఇళ్లకు నేను ఇలాగే చేస్తాను.

కొందరు సులువు దారి వెతికి ఎర్త్ వైరును నీటి పైపుకు కట్టేస్తారు. పైపు ప్లాస్టిక్‌దైతే అది ఎర్తే కాదు. ఇనుపదైతే మీ ఇంటి లోపం కింది వాటాలోని కుళాయిల దాకా వెళుతుంది. ఇది చేయవద్దు. దీనికి తిరగబడిన పని ఇంకొకటి పల్లెల్లో చూస్తాను: న్యూట్రల్ లేనప్పుడు ఒక తీగను ఎర్త్ రాడ్డుకో బోరు పైపుకో కలిపి బల్బు వెలిగించడం. అప్పుడు ఆ రాడ్డు చుట్టూ ఉన్న నేలలోకే వోల్టేజి వస్తుంది. పశువులు ముందుగా బలవుతాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చాలామంది ఎలక్ట్రీషియన్లకు కూడా తట్టదు. మంచి ఎర్త్ ఒక్కటే ఉన్నా సరిపోదు. లెక్క చూడండి. మీ ఎర్త్ గుంత నిరోధం 8 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరిది 2 ఓమ్‌లు అనుకుందాం. ఫేజ్ నేరుగా మెషీన్ ఒంటికి తగిలితే ఎర్త్ గుండా పోయే కరెంటు 230ని 10తో భాగిస్తే వచ్చే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్ల వరకు కావాలి. 23 ఆంపియర్లకు అది వేడెక్కి పడటానికి నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాలన్నీ మెషీన్ ఒంటి మీద 180 వోల్టుల పైన ఉంటుంది. అదే ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ నిరోధం 100 ఓమ్‌లు ఉన్నా కారే కరెంటు రెండు ఆంపియర్లు దాటుతుంది, ఆర్‌సీసీబీకి కావలసింది అందులో వందో వంతుకు కాస్త ఎక్కువ. అనంతపురం వంటి చోట్ల ఎండాకాలం ఎండి గట్టిపడే నేలలోనూ, హైదరాబాద్‌లో రాతి మీద కట్టిన ఇళ్లలోనూ ఎర్త్ నిరోధం తక్కువగా ఉంచడం చాలా కష్టం. అలాంటి చోట ఎర్త్, ఆర్‌సీసీబీ కలిస్తేనే రక్షణ. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, వాటి స్థానంలో 2023లోనూ తెచ్చిన భద్రతా నిబంధనలలో లీకేజీ రక్షణ పరికరం గురించి ప్రత్యేకంగా చెప్పారు కూడా.

పని అయిన తరువాత పరీక్షించకుండా ఎలక్ట్రీషియన్‌ను పంపకండి. మల్టీమీటరుతో ప్రతి సాకెట్ దగ్గర మూడు కొలతలు చూపించమని అడగండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపులు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులు రావాలి. ఆ చివరి కొలత ఇస్త్రీపెట్టె వంటి పెద్ద లోడు అదే లైను మీద నడుస్తున్నప్పుడు కూడా అక్షరాలా సున్నా చూపిస్తే సంతోషించకండి. ఆ సాకెట్‌లోనే ముడి ఉందేమోనని విప్పి చూడాలి. మల్టీమీటరు ఒక్కోసారి మోసం చేస్తుంది కూడా. ఎక్కడా కలవని తీగ మీద కూడా పక్క తీగల ప్రభావంతో ఏదో ఒక వోల్టేజి చూపిస్తుంది. అందుకని అనుభవం ఉన్నవారు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూస్తారు. ఆర్‌సీసీబీ ఉంటే బల్బు పెట్టగానే అది టక్కున పడిపోవాలి. పడిందంటే ఎర్త్ ఉన్నట్లూ, ఆర్‌సీసీబీ పనిచేస్తున్నట్లూ ఒకేసారి తేలిపోతుంది. ఈ బల్బు పరీక్ష మీరు స్వయంగా చేయవద్దు.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ గురించి కూడా చెప్పాలి. నెలకొకసారి దాన్ని నొక్కి, పడుతుందో లేదో చూడటం మంచి అలవాటు. కానీ ఆ బటన్ లోపలున్న చిన్న నిరోధకం ద్వారా తేడాను తానే కల్పించుకుంటుంది, దానికి ఎర్త్ అక్కరలేదు. కాబట్టి బటన్ నొక్కితే పడినంత మాత్రాన ఇంట్లో ఎర్త్ ఉన్నట్లు కాదు. ఒక కొత్త అపార్ట్‌మెంటులో ప్రతి సాకెట్‌కూ చక్కగా ఆకుపచ్చ వైరు ఉంది, ఆర్‌సీసీబీ ఉంది, బటన్ పనిచేస్తోంది. డీబీ పెట్టె (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) విప్పి చూస్తే ఆ ఆకుపచ్చ వైర్లన్నీ కట్టగట్టి, చివర టేపు చుట్టి, ఓ మూలకు తోసి ఉన్నాయి. ఎర్త్ బార్‌కు ఒక్కటీ కలపలేదు. గృహప్రవేశమై ఏళ్లు గడిచినా ఎవరికీ తెలియదు.

ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి వారంలో అది మాటిమాటికీ పడితే "పరికరం మంచిది కాదు" అని దాన్ని దాటవేసి వైరు కలిపేవారున్నారు. అలా చేయనివ్వకండి. పడటానికి కారణం ఎక్కడో ఉంటుంది. నాకు ఎక్కువగా కనిపించేది ఇన్వర్టర్: ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు, లేదా పక్క పోర్షన్ న్యూట్రల్‌ను అరువు తెచ్చి ఉంటారు. అప్పుడు లెక్క కుదరక అది పడుతుంది. వానల్లో మాత్రమే పడితే గేటు దీపం, డాబా మీది బోర్డు, మోటారు వైపు వెతకాలి. మీ ఇంటిలో ఇంకొక సాకెట్‌లో కూడా ఇలాంటి ముడి మిగిలిపోయి, అక్కడికి కొత్త ఎర్త్ వైరు చేరితే కూడా పడుతుంది. అది మీకు ఉపకారమే, మిగిలిన ముడులు ఎక్కడున్నాయో అదే పట్టి ఇస్తుంది.

ప్లగ్గుల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఎర్త్ వైరు లాగినా ప్లగ్ సరిగా లేకపోతే అంతా వృథా. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడవుగా ఉండటానికి కారణం ఉంది: పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికంటే ముందు కలవాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడిపోవాలి. దాన్ని కోసేయడం, ఎర్త్ రంధ్రంలో పుల్ల పెట్టి షట్టరు తెరిచి రెండు తీగలను కింది రంధ్రాలలో గుచ్చడం మన ఇళ్లలో ప్రాణాల మీదికి తెచ్చుకునే అలవాట్లు.

సాకెట్‌ను ఎదురుగా చూస్తే, ఎర్త్ రంధ్రం పైన ఉండగా, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ రావాలి. ప్లగ్గు విప్పితే లోపల ఎల్, ఎన్, ఈ అనే అక్షరాలు ఉంటాయి. వస్తువు తీగలో గోధుమ రంగుది ఎల్‌కు, నీలిది ఎన్‌కు, ఆకుపచ్చ మీద పసుపు చారలున్నది ఈ గుర్తుకు బిగించాలి. పాత తీగలలో ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ప్లగ్గు లోపల ఎర్త్ తీగను మిగతా రెండిటికంటే కొంచెం పొడవుగా వదలండి. ఎవరైనా తీగ పట్టి లాగినప్పుడు ఎర్త్ చివరగా తెగాలి. పోగులన్నీ మెలితిప్పి స్క్రూ కిందికి పోవాలి, ఒక్క పోగు బయట ఉన్నా పక్కదానికి తగులుతుంది. పోగులకు సీసం అతికించవద్దు, స్క్రూ ఒత్తిడికి సీసం నెమ్మదిగా అణిగి జాయింటు వదులవుతుంది. తీగ పై తొడుగును క్లాంపు కింద బిగించడం మరవకండి, లాగుడు స్క్రూల మీద పడకూడదు.

గీజర్‌కి 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి. 2000 వాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు. దాన్ని మార్పిడి ప్లగ్గుతో 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే పిన్నులు కాలి నల్లబడతాయి, ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది. మీ సాకెట్ మీద గోధుమ రంగు మరక కనిపిస్తే వైరును కూడా చూపించండి. పాత ఇంట్లో అల్యూమినియం వైరు ఉంటే గీజర్‌కు రాగి వైరు, కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం, విడిగా లాగించడం మంచిది.

ముడి తీయించిన తరువాత, మిగతా పనులన్నీ పూర్తయ్యే వరకు, స్నానానికి ముందు గీజర్ స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గు కూడా పీకేయండి. నీళ్లు కాచే రాడ్ వాడుకుంటాం అనుకుంటే, ప్లగ్గు తీసిన తరువాతే బకెట్ నీటిలో వేలు పెట్టి చూడాలని ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పండి. ఇనుప బకెట్ వాడవద్దు. వేసవిలో ఇనుప కూలర్ ఉంటే, నీళ్లు పోసేటప్పుడు కూడా ఇదే నియమం.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఆర్‌సీసీబీ తన తరువాత ఉన్న వైరింగును మాత్రమే చూస్తుంది, మీటరుకు ముందున్న సర్వీసు వైరు దాని పరిధిలోకి రాదు. మీ డాబా మీద బట్టలారేసే ఇనుప దండెం సర్వీసు వైరు కొక్కేనికో, రేకుల షెడ్డు పట్టీకో కట్టి ఉందేమో చూడండి. వానకు తడిసిన సర్వీసు వైరు తొడుగు చిరిగి దండెం తీగలోకి కరెంటు దిగి బట్టలు ఆరేసేవారు చనిపోయిన వార్తలు మన రెండు రాష్ట్రాలలో దాదాపు ప్రతి వర్షాకాలమూ వస్తాయి. ఆ తీగను విప్పి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు తొడుగు చిరిగి ఉంటే దాన్ని మీరు ముట్టుకోవద్దు, విద్యుత్ సంస్థ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి.

యజమానితో మాట్లాడేటప్పుడు మొదట ఎర్త్ ఖర్చు గురించి కాకుండా, సాకెట్లలో ఉన్న ముడి గురించి చెప్పండి. వీలైతే మెయిన్ ఆపించి, ఒక సాకెట్ విప్పి ఆ వైరు ముక్కను ఆయనకే చూపించండి. ఒకే ఎలక్ట్రీషియన్ కింది వాటాలో కూడా అలాగే చేసి ఉండవచ్చు, అక్కడ ఉంటున్నవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. పని అప్పగించేటప్పుడు రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన వైర్‌మన్ పర్మిట్ ఉన్నవారిని, మెగ్గర్, మల్టీమీటరు వెంట తెచ్చుకునేవారిని పిలవండి. మీ మీటరు బోర్డు, మెయిన్ స్విచ్, ఒక సాకెట్ వెనుక భాగం ఫొటోలు పెడితే ఆర్‌సీసీబీ ఎక్కడ బిగించాలో, ఏ రేటింగు తీసుకోవాలో చూసి చెప్పగలను; ఫొటో తీసే ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో ఫేజ్, న్యూట్రల్ స్క్రూలు రెండిటినీ చూడండి.